ఐదున్నర బస్సుకు మూడు వాక్యాలు

నేను రిటైరైన రోజున మా హెడ్మాస్టరు మైకు పట్టుకుని, "ముప్ఫై మూడేళ్ల సర్వీసులో ఈయన డైరీ రాయని రోజు ఒక్కటి కూడా లేదు" అన్నాడు. నేను తల వంచుకున్నాను. వినయం అనుకున్నారు అందరూ. శాలువా కప్పి చప్పట్లు కొట్టారు. హెడ్మాస్టరుకు ఆ మాట చెప్పింది నేనే. ప్రసంగంలో ఏం చెప్పమంటావన్నా అని ముందురోజు అడిగితే చెప్పాను.

ఇప్పటికీ కొత్తగా ఉద్యోగం వచ్చిన టీచర్లు రాయదుర్గంలో మా ఇంటికి వచ్చి, రోజూ రాసే అలవాటు ఎట్లా చేసుకున్నారు సార్ అని అడుగుతుంటారు. పొద్దున నాలుగింటికి లేస్తానని, చన్నీళ్లతో మొహం కడుక్కుని రెండు పేజీలు రాస్తే తప్ప కాఫీ ముట్టనని చెబుతాను. వంటింట్లో నుంచి మా ఇంటామె దగ్గు వినిపిస్తుంది. అది జలుబు దగ్గు కాదు. నేను ఏడింటికి లేస్తాను.

అసలు సంగతి ఏమిటంటే, నేను ఒక ఆడమనిషికి భయపడి రోజూ రాశాను. ఆమెకు అక్షరం ముక్క రాదు.

మొదటి ముప్ఫై ఒక్క సంవత్సరాలు నాకు పాఠాల డైరీ ఆదివారం పని. టిఫిన్ తిని, టీవీ పెట్టుకుని, ఒళ్లో డైరీ పెట్టుకుని రాబోయే సోమవారం నుంచి శనివారం దాకా ఒక్క ఊపులో రాసేసేవాణ్ని. ఏ పాఠం, ఎన్ని పీరియడ్లు అన్నది ముందే రాయవచ్చు, తప్పు లేదు. కానీ చివర్లో 'పిల్లల స్పందన' అని ఒక గడి ఉంటుంది. అది పాఠం అయిపోయాక నింపాల్సిన గడి. దానికి నా దగ్గర నాలుగు వాక్యాలు ఉండేవి. పిల్లలు ఉత్సాహంగా పాల్గొన్నారు. చాలామంది సమాధానాలు చెప్పారు. వెనుకబడినవారికి మళ్లీ బోధించాను. ఆశించిన ఫలితం వచ్చింది. వంతులవారీగా తిప్పి తిప్పి వాడేవాణ్ని. ఒక బుధవారం బెళుగుప్ప దారిలో వంక పారి బస్సు రాలేదు, బడే తెరవలేదు. మా సీమలో వంక పారడం ఏటా జరిగే పని కాదు కాబట్టి ఊరంతా పోయి చూసింది. నా డైరీలో మాత్రం ఆ బుధవారం చాలామంది సమాధానాలు చెప్పారు. శనివారం హెడ్మాస్టరు దాని కింద సంతకం పెట్టాడు. 

అందరూ ఇంతే అని చెప్పి తప్పించుకోను. మా బళ్లోనే ఏ రోజుది ఆ రోజు రాసే మేడమ్‌లు ఇద్దరు ఉండేవాళ్లు. వాళ్లను చూసి నేను నవ్వేవాణ్ని.

డైరీ తర్వాత ఇంకొకటి ఉంది, చదివే రిజిస్టరు. జూన్‌లో ఒక్కొక్క పిల్లవాణ్ని పిలిచి, చదివించి, గ్రేడు వేయాలి. సి వచ్చినవాళ్లకు పొద్దున ఎనిమిదింటికి విడిగా క్లాసు తీసుకోవాలి. తెలుగు పంతులును కాబట్టి తీసుకోవాల్సింది నేనే. దానికి రాయదుర్గంలో ఏడు గంటల బస్సు పట్టుకోవాలి. అందుకని సర్వీసులో ముప్ఫై రెండో ఏడాది నా ఆరో తరగతిలో సి ఒక్కటి కూడా లేదు. అందరికీ ఏ వేస్తే అనుమానం వస్తుందని ఐదుగురికి బి వేశాను. ఎవరినీ పిలవలేదు. పేర్లు చూసి వేశాను.

దసరా సెలవులు అయిపోయిన కొన్నాళ్లకు, మూడో పీరియడ్‌లో ఒక తల్లి వచ్చి గడప దగ్గర నిలబడింది. ఆమె రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్‌లో పనిచేస్తుంది. కుట్టిన ప్యాంట్లకు వేలాడే దారాలు కత్తిరించే పని. చీర కుచ్చిళ్ల నిండా నీలం దారపు ముక్కలు అంటుకుని ఉన్నాయి.

"సార్, మా బిడ్డకు సదివేదొస్తాందా?"

"ఎవరమ్మా నీ బిడ్డ?"

"కిటికీ కాడ కూర్చుంటాది సూడు."

ఆ పిల్ల నాకు తెలుసు. నిలబడి చదవమంటే గుక్క తిప్పుకోకుండా చదివేది. "దానికేమమ్మా, ఏరు పారినట్టు చదువుతుంది" అన్నాను.

"నిజం సెప్పు సార్. నాకు సదువు రాదు. నువ్వు సెప్పిందే నాకు."

నేను బల్ల మీది రిజిస్టరు తెరిచాను. ఆమె చూపుడువేలు పట్టుకుని ఆ పిల్ల పేరు ఎదురుగా ఉన్న అక్షరం మీద పెట్టాను. "ఇదిగో, ఏ. ఇంతకు మించింది లేదు తల్లీ."

ఆమె కాసేపు ఆ అక్షరం మీదినుంచి వేలు తీయలేదు. ముఖం విప్పారింది. "అయితే ఇంగ సాలు సార్" అంది.

"ఏం చాలు?"

"సదివేదొచ్చే దాంకనే అనుకున్యాం. వాళ్ల నాయన బెంగళూరులో గోడలకు గారపనికి పోయినాడు. రాయదుర్గంలో మా ఆపా ఉండాది, నాకన్నా పెద్దది. ఇంట్లోనే మిషన్ పెట్టుకోని ప్యాంట్లు కుడతాది. దాని కాడ పెడితే పిల్లకు పని వస్తాది. అమ్మానాయన్ల మీటింగు ఉండాదంట కదా మూడు వారాలకు, ఆ పొద్దు వచ్చి పిల్చుకపోతా."

"ఆరో తరగతిలో మాన్పిస్తే ఎట్లమ్మా? చట్టం ఒప్పుకోదు."

"ఒప్పుకోకుంటే ఆ సట్టాన్నే వచ్చి దారాలు కత్తిరియ్యమను సార్" అని నవ్వి వెళ్లిపోయింది.

ఒక పిల్ల బడి మానేస్తోందని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని రాస్తే బాగుంటుంది. బాగానే నిద్రపోయాను. ముప్ఫై ఒక్క ఏళ్లలో అట్లా చాలామంది పోయారు.

నిద్ర పట్టనిది మరుసటి రోజు. బస్సులో కళ్లద్దాలు మరిచిపోయాను. హెడ్మాస్టరు మీటింగు గురించి సర్క్యులర్ పంపించాడు, పిల్లలకు చదివి వినిపించమని. కాగితం నాకు మసక మసకగా ఉంది. కిటికీ దగ్గర పిల్లను పిలిచి, "చదువు, అందరికీ వినపడాలి" అన్నాను.

ఆ పిల్ల కాగితం అందుకుంది. అటూ ఇటూ చూసింది. తర్వాత నా దగ్గరకు వచ్చి చిన్నగా, "సార్, ముందు నువ్వొకసారి సదువు. ఎనకాల నేను సదువుతా" అంది.

ఇద్దరం ఒక కాగితం ముందు నిలబడి ఉన్నాం. నాకు కనిపించడం లేదు, దానికి చదవడం రాదు. జూన్ నుంచి అది చదివిన పాఠాలన్నీ నాకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఎప్పుడూ మూడో మనిషో నాలుగో మనిషో చదివాకే దాని వంతు వచ్చేది. ముందువాళ్లు చదువుతుంటే విని, మొత్తం పాఠం అప్పజెప్పేది. ఒక్క మాట పొల్లుపోకుండా.

బెల్లు కొట్టాక వరండాలోకి పిలిచాను. కారప్పొడి ప్యాకెట్ ఖాళీది ఒకటి దొరికితే ఇచ్చి చదవమన్నాను. తల వంచుకుంది. తెలిసిన అక్షరాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని.

"ఎవరికైనా చెప్పినావా?"

"ఎవరూ అడగలే సార్."

హెడ్మాస్టరు నాకంటే పదేళ్లు చిన్నవాడు. పోయి చెప్పాను. ఆయన తలుపు దగ్గరకు వేసి వచ్చాడు. "అన్నా, మీటింగుకు మండలం నుంచి ఆఫీసర్ వస్తాడు. పిల్లలతో అందరి ముందర సదివిపిస్తాం. ఏ గ్రేడ్లు ఎక్కువుండేది నీ క్లాసులోనే అని నీ పిల్లోళ్లనే పెట్టినా. ఇప్పుడు వచ్చి ఆ రిజిస్టర్ అబద్ధమంటావా? దాని మీద నా సంతకం ఉండాది."

"ఆ పిల్లను మీటింగు రోజే తీసుకుపోతారప్పా. చదువు వచ్చిందనుకుని."

"ఉండేది మూడు వారాలు కదా, నేర్పు. ముప్ఫై ఏండ్ల సర్వీసు అని సెప్పుకుంటావు."

ఆ సాయంత్రం నాలుగుంపావు బస్సు కండక్టర్ నా కళ్లద్దాలు తెచ్చి ఇచ్చాడు, అవి తీసుకుని బస్సు మాత్రం వదిలేశాను. అంగట్లో రెండువందల పేజీల రూల్ నోట్సు కొన్నాను. ఖాళీ క్లాసులో పిల్లల బెంచీ మీద కూర్చుని మొదటిసారి, జరిగిన రోజు గురించి ఆ రోజే రాశాను. మూడు పేజీలు వచ్చాయి. గొప్పగా వచ్చాయి. 'ఆ చిన్నారి కళ్లలో అజ్ఞానపు చీకటి చూసి నా హృదయం ద్రవించింది' అని కూడా ఉంది అందులో. మర్నాడు పొద్దున బస్సులో తీసి చదువుకున్నాను. మూడు పేజీల్లోనూ నేనే ఉన్నాను. ఆ పిల్లకు ఏ అక్షరాలు వస్తాయో, ఏవి రావో, ఈ రోజు ఎక్కడ మొదలుపెట్టాలో ఒక్క ముక్క లేదు. ఆ పేజీలు చించి బస్సు కిటికీలోంచి పారేశాను. ఇది అబద్ధం, మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇప్పటికీ ఉన్నాయి.

అప్పుడు నాకు నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. మూడు వాక్యాలు. ఏం అడిగాను. ఏం చేశారు. రేపు ఏం మార్చాలి. నాలుగో వాక్యం రాస్తే అందులో నన్ను నేను పొగుడుకుంటానని నాకు తెలుసు.

మూడు వాక్యాలు రాయడం మూడు పేజీలు రాయడం కంటే కష్టం. 'ఏం చేశారు' దగ్గర పెన్ను ఆగిపోయేది. నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో పిల్లలు ఏం చేశారో నాకు తెలియదు, నలభై నిమిషాలు మాట్లాడింది నేనే కాబట్టి. మొదటి వారమంతా ఆ చోట 'విన్నారు' అని రాశాను. ఐదు రోజులు వరసగా 'విన్నారు' అని చూసుకున్నాక నాకే సిగ్గేసింది. రెండో వారం నుంచి రోజుకు ఐదుగురిని వరండాలోకి పిలిచి, పుస్తకంలో లేనిది ఏదో ఒకటి ఇచ్చి చదివించడం మొదలుపెట్టాను. మాత్రల అట్ట, విత్తనాల సంచి, పెళ్లిపత్రిక. కిటికీ దగ్గర పిల్ల లాంటివాళ్లు ఇంకా నలుగురు బయటపడ్డారు. నలుగురికీ రిజిస్టర్లో ఏ ఉంది.

కిటికీ పిల్లతో కలిపి ఆ ఐదుగురినీ ముందు బెంచీలకు మార్చాను. పక్కన బాగా చదివేవాళ్లను కూర్చోబెట్టలేదు. కూర్చోబెడితే విని అప్పజెబుతారు. కిటికీ పిల్లతో అదే పెద్ద చిక్కు. ఏది చదివి వినిపించినా పట్టేసుకుంటుంది. చివరికి అది మాట్లాడిన మాటలే తీసుకున్నాను. "ఇంట్లో ఏం జరిగింది చెప్పు" అంటే, "మా యమ్మ సంచీ నిండా ప్యాంట్లు తెచ్చినాది, నేను దారాలు కత్తిరిస్తి, మా అవ్వ అర్సినాది" అని చెప్పింది. అట్లాగే, దాని యాసలోనే, కాగితం మీద పెద్దగా రాశాను. మాటలు మాటలుగా ముక్కలు కత్తిరించి కలిపేశాను. కత్తిరించడానికి అది ఇంట్లో దారాలు తుంచే చిన్న కత్తెర తెచ్చింది. ముక్కలు కలిపేస్తే అప్పజెప్పడం కుదరదు. ఏ ముక్కలో ఏముందో చూసి తీరాలి. మొదటి రోజు పన్నెండులో రెండు. మూడో రోజు నాలుగు. మధ్యలో ఒక రోజు మళ్లీ రెండు.

మీటింగు ముందురోజుకు తన మాటలు తను చదవగలుగుతోంది. కొత్త కాగితం ఇస్తే మాత్రం రాళ్లగుట్ట ఎక్కినట్టు, ఒక్కో అక్షరం దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటోంది. ఆ సాయంత్రం హెడ్మాస్టరు రేపు చదవాల్సిన కథల కాగితాలు నా చేతిలో పెట్టాడు. ఒక్కొక్క దాని మీద ఒక్కొక్కరి పేరు పెన్సిల్‌తో ఉంది.

ఆ పిల్ల తనకు వచ్చిన ఎద్దు కథ కాగితం చూసి, "సార్, ఒక్కతూరి సదివి ఇనిపియ్యి. సాలు. నేను సెప్పేస్తా" అంది.

వినిపించకూడదని నేను గట్టిగా నిలబడ్డానని నా దగ్గర చదువుకున్న కొందరు చెప్పుకుంటారట. వాళ్లకు ఎవరు చెప్పి ఉంటారో మీరు ఊహించగలరు. వినిపించాను. రెండుసార్లు వినిపించాను. అది చక్కగా చెప్పేస్తే వాళ్లమ్మ సంతోషంగా తీసుకుపోతుందని తెలుసు. ఇంకో రెండు నెలలుంటే చదువు నిలబడుతుందనీ తెలుసు. అయినా వినిపించాను. రిజిస్టరు నాది, వచ్చే ఆఫీసర్ నా తలకాయ మీదికి వస్తాడు.

మీటింగు పొద్దున పదింటికి. ముందు వరసలో ఆ తల్లి. ఒళ్లో గుడ్డ సంచి, అందులో పిల్ల బట్టలు. ఆఫీసర్ కుర్చీలో కూర్చున్నాడు. హెడ్మాస్టరు కాగితాలు పంచుతున్నాడు. గాలికి బల్ల మీది కాగితాలు చెదిరాయి. ఎవరో ఏరి ఇచ్చారు. ఆ పిల్ల వంతు వచ్చింది. ఆయన చేతికి ఏది వస్తే అది ఇచ్చాడు.

అది నేను చదివి వినిపించిన కాగితం కాదని నాకు దూరం నుంచే తెలిసింది. ఆ కాగితంలో పైన ఎద్దు బొమ్మ ఉండాలి. ఇందులో బొమ్మే లేదు.

పిల్ల కాగితం చూసింది. నన్ను చూసింది. వాళ్లమ్మను చూసింది. తర్వాత కాగితం ముఖానికి అడ్డంగా పెట్టుకుని ఎద్దు కథ మొదలుపెట్టింది. గడగడా, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపి, ఎక్కడ గొంతు పెంచాలో అక్కడ పెంచి, నిన్న నేను చదివినట్టే చదివింది. హెడ్మాస్టరు దాని వెనకే నిలబడి ఉన్నాడు. కాగితంలోకి తొంగి చూశాడు. ఆయన చేతిలోని మిగతా కాగితాలు కదలడం ఆగిపోయింది.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆఫీసర్ కూడా కొట్టాడు.

హెడ్మాస్టరు నా పక్కకు వచ్చి, పెదవులు కదలకుండా, "అన్నా, ఆ కాగితంలో ఉండేది ఎద్దు కాదు" అన్నాడు.

"తెలుసప్పా."

"సప్పట్లు కొట్టినారు కదా. అయిపాయ. నోరెత్తొద్దు."

నేను నోరెత్తలేదు. భోజనాలకు లేచారు. చేతులు కడుక్కునే కొళాయి దగ్గర నేను చాలాసేపు చేతులు కడుక్కున్నాను. తలెత్తేసరికి ఆ తల్లీ కూతుళ్లు గేటు దాటి బస్సు స్టేజీ వైపు నడుస్తున్నారు. పిల్ల సంచి మోస్తోంది.

నేను పరుగెత్తాను అంటే నమ్మకండి, నాకు మోకాళ్ల నొప్పులు. నడిచాను. స్టేజీ చేరేసరికి గుట్ట మీది గాలిమరల కింద, మలుపు దగ్గర బస్సు దుమ్ము కనిపిస్తోంది. చెట్టు కింద నలుగురైదుగురు ఉన్నారు.

"అమ్మా, దీన్ని పిల్చుకపోవద్దు. దీనికి ఇంకా చదవడం రాదు."

ఆమె నవ్వింది. "ఏమంటాండావు సార్? అంతమంది ముందర ఇప్పుడే సదివినాది కదా."

"నిన్న నేను చదివి వినిపించాను. విని అప్పజెప్పింది. కాగితంలో ఉన్నది ఆ కథే కాదు."

ఆమె కూతురి వైపు తిరిగింది. "నిజమేనా మే?"

పిల్ల తల ఊపింది.

"మరి ఆ పొద్దు బుక్కులో ఉండాదంటివే? ఏ అంటివే?"

"చదివించకుండానే వేశాను."

బస్సు వచ్చి ఆగింది. చెట్టు కింద ఉన్నవాళ్లు ఎక్కడం మరిచిపోయి మమ్మల్నే చూస్తున్నారు. ఆమె ముఖంలో నవ్వు మెల్లగా పోయింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "నాకు రాదని తెలిసి, నా యేలు పట్టి సూపిస్తివి కదా సార్" అంది.

ముప్ఫై మూడేళ్లలో నాకు మెమోలు వచ్చాయి, ఆఫీసర్లు తిట్టారు. ఏ మాటా ఇట్లా తగల్లేదు.

కండక్టర్ తల బయటపెట్టి, "ఏమక్కా, ఎక్కేది ఉండాదా లేదా?" అన్నాడు.

ఆమె అతన్ని ఆగమని చెయ్యి ఎత్తింది. "ఎన్ని దినాలు కావల్ల నీకు?" అని నన్ను అడిగింది.

"మార్చి దాకా ఇవ్వు తల్లీ."

"ఏమని నమ్మేది? మళ్లా ఏదో రాసి సూపిస్తావు."

చేతి సంచిలోంచి నోట్సు తీశాను. తనకు చూపించొద్దంది. చదవమంది. స్టేజీ మీదే చదివాను. 'పన్నెండు ముక్కలు ఇచ్చాను. రెండు చదివింది, మిగతావి ఊహించి చెప్పింది. రేపు ముక్కలు తగ్గించాలి.' ఒక్కొక్క రోజుదీ చదివిన తర్వాత ఆమె పిల్లను "అవునా?" అని అడిగేది, పిల్ల అవుననేది. బస్సు వెళ్లిపోయింది. నేను చదువుతూనే ఉన్నాను.

అప్పుడు ఆమె చెప్పింది. రోజూ ఐదున్నర బస్సుకు ఆమె రాయదుర్గం నుంచి దిగుతుంది. ఆ బస్సే తిరిగి రాయదుర్గం పోతుంది. డ్రైవర్ టీ తాగేంత సేపు ఆగుతుంది. ఆ కాస్సేపట్లో నేను ఆ రోజు రాసింది చదవాలి, పిల్ల పక్కన నిలబడి వినాలి. "ఒక్క పొద్దు రాయకుంటే, మరసటి పొద్దు దీన్ని పిల్చుకపోతా."

రిజిస్టరు కొట్టేసి మళ్లీ రాస్తానంటే హెడ్మాస్టరు నాతో మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు ఆయనే కొత్త రిజిస్టరు తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఈసారి పిల్చి సదివిపియ్యన్నా" అని వెళ్లిపోయాడు. ఐదుగురికి సి వేశాను. ఏడు గంటల బస్సు పట్టుకోవడం నేర్చుకున్నాను.

రోజూ రాయడం గురించి నాకు తెలిసిన రహస్యం ఇది ఒక్కటే, అదీ ఆ స్టేజీ దగ్గర తెలిసింది. సాయంత్రం చదివి వినిపించాలంటే మధ్యాహ్నం ఏదో ఒకటి జరగాలి. మూడో పీరియడ్ అయ్యేసరికి నాకు గుండెల్లో దడ మొదలయ్యేది. ఇంతవరకూ వాక్యానికి పనికొచ్చేది ఏమీ జరగలేదు, ఏం రాస్తావు రా అని. ఆ దడతోనే నా మాటలు తగ్గించి పిల్లల చేత చదివించేవాణ్ని. ముందు రోజు 'రేపు ఏం మార్చాలి' అని రాసింది చేయకపోతే సాయంత్రం ఆమె అడిగేది. "నిన్న సిన్న ముక్కలు ఇస్తానంటివి కదా, ఇస్తివా?" ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లు ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు.

స్టేజీ దగ్గర వినేవాళ్లు పెరిగారు. చెనిక్కాయ చేలల్లో కూలికి పోయి వచ్చే ఆడవాళ్లు, టీ అంగడాయన, డ్రైవర్. "ఏం సార్, ఈ పొద్దు ఎన్ని?" అని డ్రైవర్ గ్లాసు పట్టుకుని అడిగేవాడు. "తగ్గిందా? ఏంది సార్, నిన్న ఎనిమిది అంటివే!" జ్వరం వచ్చిన రోజు కూడా వెళ్లాను. బెళుగుప్పలో మీటింగు పెట్టిన రోజు ఎవరిదో బండి వెనక కూర్చుని, మోకాలి మీద నోట్సు పెట్టుకుని, కుదుపుల్లో రాశాను. నా అక్షరాలు నాకే అర్థం కాలేదు, గుర్తున్నది చెప్పాను. అన్నీ గెలుపులే అనుకోవద్దు. ఆ ఐదుగురిలో ఒకడు జనవరిలో వాళ్ల అమ్మానాయనలతో బెంగళూరు పోయాడు. అప్పటికి వాడికి సగమే వచ్చింది. ఆ రోజు మూడో వాక్యం ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలేశాను. ఆమె ఖాళీ అంటే ఏమిటని అడిగింది. చెప్పాను. ఆ రోజు డ్రైవర్ కూడా ఎన్ని అని అడగలేదు.

మార్చి వచ్చింది. ఎండలు ముదిరాయి. ఒక శుక్రవారం నాకు గొంతు పూర్తిగా పోయింది. ఎందుకు పోయిందంటే, మధ్యాహ్నం క్లాసులో అరిచాను. గడువు ముగుస్తోంది, ఆ పిల్ల ఒక పేరాలో మూడుసార్లు ఒకే మాట దగ్గర ఆగింది, నేను బల్ల మీద డస్టర్ కొట్టి, నీకోసం నేను రోజూ బస్సు స్టేజీలో నవ్వులపాలవుతున్నానని నానా మాటలూ అన్నాను. పిల్ల ఏడవలేదు. మిగతా పేరా ఆగకుండా చదివేసి కూర్చుంది.

సాయంత్రం రాయడానికి కూర్చుంటే ఆ మాట రాయడానికి చేయి రాలేదు. 'కొత్త పేరా ఇచ్చాను. ఒక మాట దగ్గర ఆగితే ఓపికగా సరిదిద్దాను, తర్వాత ఆగకుండా చదివింది. రేపు ఇంకా పెద్దది ఇవ్వాలి' అని రాశాను.

బస్సు వచ్చింది. ఆమె దిగింది. నేను నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. గొంతు చూపించి, నోట్సు పిల్ల చేతికి ఇచ్చాను. ఇవ్వకముందు ఒక్క క్షణం ఆలోచించి ఉండాల్సింది.

పిల్ల నోట్సు రెండు చేతులా పట్టుకుంది. నా రాత గొలుసుకట్టు, పెద్దవాళ్లకే కష్టం. నెమ్మదిగా మొదలుపెట్టింది. మొదటి వాక్యం అయింది. వాళ్లమ్మ సంచి కింద పెట్టింది. టీ అంగడాయన పొయ్యి తగ్గించాడు. ఇంతవరకూ ఎవరూ వినిపించనిది, ఎవరూ ముందు చదవనిది అది చదువుతోందని అందరికీ తెలుసు. రెండో వాక్యం సగంలో ఆగిపోయింది.  రాలేదేమో అనుకున్నాను.

"సార్" అంది తలెత్తి, "ఓపికగా అని ఉండాది ఈడ. నువ్వు అర్సినావు కదా?"

 ఆమె నన్ను చూసింది. "అర్సినావా సార్?"

తల ఊపాను.

"డస్టర్ తోటి కొట్టినాడు మా. బల్లను" అంది పిల్ల.

డ్రైవర్ పగలబడి నవ్వాడు. "దొరికిపాయ సారు!" అన్నాడు. ఆమె నవ్వలేదు. కూతురి చేతిలోని నోట్సును, దాని వేలు ఆగి ఉన్న చోటును చూస్తోంది. "అయితే సదువొచ్చేసినట్లేనా సార్?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు ఎన్ని సాయంత్రాలు భయపడ్డానో. వచ్చిందంటే పిల్ల ఆపా ఇంటికి పోతుంది. ఇంకా రాలేదని ఒక్క మాట అంటే ఇంకో ఏడాది ఉంటుంది. గొంతు లేదు కాబట్టి తల అడ్డంగా ఊపితే చాలు. అబద్ధం చెప్పడం నాకు అంత సులభంగా ఎప్పుడూ దొరకలేదు.

తల నిలువుగా ఊపాను.

 ఆమె కొంగుకు కట్టిన ఫోన్ తీసి ఆపాకు చేసింది. "ఆపా, ఆ మిషన్ మీద ఇంకొకర్ని కూర్చోబెట్టుకో. లే, అది రాదు. ఏమా? సారు రాసిందాంట్లోనే తప్పు పట్టినాది మే ఇది. ఈడ ఉంటే ఇంగా ఎవరెవర్ని పడతాదో సూస్తాం." ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. "పెన్ను ఉండాదా సార్?"

జేబులోంచి తీశాను. పిల్ల నోట్సు నా చేతికి ఇవ్వలేదు, బస్సు ముందు భాగం మీద పెట్టి పేజీ కదలకుండా పట్టుకుంది. ఓపికగా సరిదిద్దాను అన్నది కొట్టేసి పైన రాశాను. నేను ఒక్కో మాట రాస్తున్నకొద్దీ పిల్ల పైకి చదివింది. "అరిచాను. డస్టర్. బల్ల మీద. కొట్టాను." డ్రైవర్ గ్లాసు ఇచ్చేసి వచ్చి హారన్ కొట్టాడు. నేను ఇంకా రాస్తున్నాను.